ఎనిమిది గొట్టాల కొలత

“నేను రాను. నువ్వెళ్ళిరా,” అన్నాడు మేస్త్రి, మంచం అంచున కూర్చుని.

భార్య చెప్పులేసుకుంటూ ఆగింది. “అదేం మాట? షెడ్డు తలుపులు తియ్యాల్సింది మీరు. బోర్డు మీద వాడు తన పేరు కంటే పైన మీ పేరు రాయించాడు.”

“అందుకే రానంటున్నా.”

కొత్త షెడ్డు తెరుస్తున్నది ఆమె తమ్ముడు. జెట్ బోట్ల ఇంజన్లు కట్టడంలో ఇప్పుడు అతణ్ణి మించినవాడు ఆ తీరంలో లేడు. ఆ పని నేర్పింది మేస్త్రే. ఈ సంగతి బామ్మర్ది ఎక్కడికెళ్ళినా చెప్పుకుంటాడు. పన్నెండేళ్ళ కిందటి బోటు పందెం మాటొస్తే మరీను. “ఆ రోజు గెలిచింది నేను కాదు, మా బావ చెప్పిన కొలత,” అంటాడు. అది విన్నప్పుడల్లా మేస్త్రి అక్కణ్ణుంచి లేచిపోతాడు.

ఆ కొలత సంగతి ఇదీ. పందెం బోటు ఇంజనుకు ఎనిమిది సిలిండర్లు. ఒక్కోదానికీ పొగ పోవడానికి ఒక్కో గొట్టం. దాని పొడవు కుదిరిందా, ముందు పోయే పొగ వెనకదాన్ని తనతో లాక్కుపోతుంది. కుదరలేదా, ఎంత గొప్ప ఇంజనైనా ఉబ్బసం రోగిలా ఆయాసపడుతుంది. పందెం కారుకైతే పొట్టి గొట్టాలు పనికొస్తాయి, దాని ఇంజను ఎంతకైనా తిరుగుతుంది గనుక. బోటులో అలా కాదు. నీళ్ళను వెనక్కి చిమ్మే పంపు ఇంజను మెడలు వంచి పట్టుకుంటుంది, ఒక హద్దు దాటి తిరగనివ్వదు. ఆ హద్దులోనే బలంగా లాగాలంటే గొట్టాలు పొడుగ్గా ఉండాలి. ఎంత పొడుగన్నది పంపును బట్టి చెప్పాలి. అలా చెప్పగలవాడు అప్పట్లో మేస్త్రి ఒక్కడే.

ఏళ్ళ తరబడి అతని దగ్గరికే వచ్చిన బోటు యజమాని, ఆ ఏడు కొత్త ఇంజను పట్టుకెళ్ళి బామ్మర్దికి అప్పగించాడు. “ఈసారి కొత్త చెయ్యి చూద్దామనీ,” అని మేస్త్రితోనే అన్నాడు. మేస్త్రి నవ్వాడు. తన దగ్గర నేర్చినవాడే తన పని పట్టుకుపోయాడన్న అసూయ మాత్రం పోలేదు.

వారం తిరక్కుండా బామ్మర్ది వచ్చాడు.

“బావా, గొట్టాల కొలత నువ్వే చెప్పాలి. నా లెక్క మీద నాకే నమ్మకం లేదు. కోత మిషను కూడా లేదాయె నాకు.”

మేస్త్రి పంపు వివరాలు అడిగాడు. వింటుండగానే లెక్క తేలిపోయింది. ముప్పై ఆరు అంగుళాలు.

“మీ అక్కకు చెప్తాలే. సాయంత్రం వచ్చి పట్టుకెళ్ళు. వంచుకోవడం, అతుక్కోవడం నీ పని.”

“నువ్వుండగా నాకేం భయం?” అంటూ వెళ్ళాడు వాడు.

షాపులో గొట్టాలు కోసేది భార్యే. అంకె చెబితే చాలు, సుద్దగీత గీసి, వెంట్రుకవాసి తేడా రాకుండా కోస్తుంది. ఎందుకని అడగదు. లెక్కలు ఆమె బుర్రకెక్కవని మేస్త్రి నమ్మకం.

“ఇరవై ఆరు అంగుళాలవి ఎనిమిది,” అన్నాడు.

ఆమె మిషను ఆపింది. “ఇరవై ఆరా?”

“వినపడలేదా? ఇరవై ఆరే.”

అనేసి, అక్కడ నిలబడలేక రేవు దాకా నడిచివెళ్ళాడు. తిరిగొచ్చేసరికి గొట్టాలు వెళ్ళిపోయాయి.

పందెంలో బామ్మర్ది బోటు అందరినీ వెనక పారేసి వచ్చింది. గట్టు మీద అంతమంది ముందు వాడు బావను వాటేసుకుని ఏడ్చాడు. నడిపినవాడి చెయ్యి గొప్పదో, గాలి కలిసొచ్చిందో మేస్త్రికి అంతుపట్టలేదు. వంకరలు తిరిగాక గొట్టం పొడవు కంటికి దొరకదు. విప్పి చూద్దామన్నా, ఆ బోటును నెలలోపే ఎవరో దూరదేశం వాళ్ళు కొనుక్కుపోయారు.

ఆ తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో వెతుక్కుంటూ వచ్చారు. “మీ బామ్మర్దికి చెప్పినట్టే మాకూ చెప్పండి.”

“వాడికి చెప్పినట్టు మీకు చెప్పను,” అనేవాడు మేస్త్రి. వాళ్ళు అది చమత్కారమనుకుని నవ్వేవాళ్ళు.

అందరికీ సరైన కొలతే చెప్పాడు. బామ్మర్ది మొహం మాత్రం చూడలేకపోయాడు. పిలిస్తే పనుందనేవాడు. వాడికి కూతురు పుడితే చూడ్డానికి పోలేదు. వాడు చెయ్యి విరిగి మంచానపడితే గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. “నేనేం తప్పు చేశానక్కా? బావ నన్ను దగ్గరికి రానివ్వడు,” అని వాడు వంటింట్లో అడగడం ఒకసారి చెవిన పడింది. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

“ఇవాళైనా చెప్పండి,” అంది భార్య. “వాడు మీకేం చేశాడు?”

“వాడేం చెయ్యలేదు. చేసింది నేను.”

ఇక దాచలేక అంతా చెప్పేశాడు. “ముప్పై ఆరు ఉండాలని తెలిసే ఇరవై ఆరు చెప్పాను. వాడు నలుగురిలో నవ్వులపాలవ్వాలని. నీ చేత్తోనే నీ తమ్ముడి గొంతు కోయించాను. ఎలా గెలిచాడో దేవుడికే తెలియాలి. ఆ బోర్డు కింద నిలబడే మొహం నాకు లేదు.”

తిట్టిపోస్తుందనుకున్నాడు. ఆమె చెప్పులు విడిచి, వచ్చి పక్కన కూర్చుంది.

“వాడికి ఇవేవీ తెలియవు,” అంది. “మీరు చెప్పిందే పట్టుకెళ్ళాననుకుంటున్నాడు.”

“పట్టుకెళ్ళింది అదేగా?”

ఆమె తల అడ్డంగా ఊపింది. “ఆ యజమాని బోటుకు ఏటా గొట్టాలు కోసినదాన్ని, దాని కొలత నాకు తెలీదా?”

“ముప్పై ఆరుకే కోశానండీ.”