రాహుకాలం రైలు

“ఆ రైలు రాహుకాలంలో బయల్దేరుతుందండీ,” అంది భ్రమరాంబ, ఫోన్‌లో పంచాంగం చూస్తూ.

వీర్రాజు పెన్ను విసిరికొట్టాడు. దక్షిణ ఇటలీలో కారు లేకుండా తిరగడానికి పొద్దుట్నుంచీ రైళ్ళకీ బస్సులకీ లంకె కుదురుస్తుంటే, కుదిరినదానికల్లా ఆవిడ వర్జ్యమో రాహుకాలమో అడ్డం పెడుతోంది.

వాళ్ళింట్లో ఉండి కాలేజీకెళ్ళే వీర్రాజు అన్నకూతురు సాత్విక ఫోన్ అందుకుంది. “పిన్నీ, ఇది టొరంటో పంచాంగం. ఇటలీకి మార్చాను. మీ రైళ్ళన్నీ మంచి టైమ్‌లోనే ఉన్నాయి.”

భ్రమరాంబ ఫోన్ తిరిగి తీసుకోలేదు.

“ఇప్పుడేమంటావ్?” అన్నాడు వీర్రాజు.

“ఆమధ్య ఇక్కడే, స్కార్‌బరోలో, స్టూడెంట్లతో కిక్కిరిసిన బస్సు మీరెక్కేశారు. వెనక్కి చూడలేదు. నేను తర్వాతి బస్సులో వచ్చాను. ఇటలీలో అయితే దారడగడానికి నాకు భాష కూడా రాదండీ.”

వీర్రాజుకు ఆ రోజు బస్సు అందుకోవడం ఒక్కటే గుర్తుంది.