చుక్కలు కలపని పిల్ల

పెన్సిలు మాట ఎత్తితే చాలు, కోడలు ఒంటికాలి మీద లేస్తుంది. అయినా అత్తగారు ఎత్తకుండా ఉండలేదు.

“ఎదురింటి పిల్లాడు అప్పుడే యాభై దాకా రాసేస్తున్నాడు. మన పిడుగేమో పొద్దస్తమానం నీళ్ళలో ఆడుతోంది,” అంది, మనవరాలి తడిసిన గౌను మారుస్తూ.

“ఆడటం కాదత్తయ్యా. జగ్గులోంచి గ్లాసులోకి ఒలక్కుండా పోయడం నేర్చుకుంటోంది.”

“నేర్చుకున్నదంతా నేల మీదే ఉంది.”

కోడలు నవ్వలేదు. పొద్దున్నే తన టిఫిన్ డబ్బాతో పాటు, మూడేళ్ళ పిడుగుకి రోజంతా సరిపడే పనులు కూడా సర్దిపెట్టడం ఆమె అలవాటు. ఒక పళ్ళెంలో పాత చొక్కాల గుండీలు పోసింది, రంగుల వారీగా వేరు చేయడానికి. కుర్చీకీ కుర్చీకీ మధ్య తాడు కట్టి, కింద చిన్న మేజోళ్ళూ బట్టల క్లిప్పులూ పెట్టింది. క్లిప్పు నొక్కితే వేళ్ళకి బలం వస్తుంది. నలపడానికి పిండిముద్ద ఎలాగూ ఉంది. పూసలు మాత్రం తీసి పైన పెట్టేసింది. నిన్న ఒకటి ముక్కులోకి పోబోయింది.

అదను చూసి భర్త గొంతు సవరించుకున్నాడు. చేతిలో చుక్కల అక్షరాల పుస్తకం. చుక్కలు కలుపుకుంటూ పోతే అక్షరం అవుతుంది.

“ఆ బళ్ళో మన సీటు ఇంకా అలాగే ఉంది. ఇవాళ దాటితే వేరేవాళ్ళకి పోతుంది. ఒక్కసారి ఆలోచించు.”

“ఆలోచించే చెప్తున్నాను. పంపను.”

“అంత మొండితనం ఎందుకు?”

“దీని వేళ్ళు చూశారా? పెన్సిలు పట్టే బలం ఇంకా రాలేదు. అక్కడ చెయ్యి నొక్కిపట్టి మరీ దిద్దిస్తారు. ఏడిస్తే తల్లి ముద్దు చేసి చెడగొట్టిందంటారు. అక్కడ ఏం జరుగుతుందో నాకు తెలిసినంత మీకు తెలీదు.”

అత్తగారు వదిలే రకం కాదు.

“వీధిలో అందరూ నన్నే అడుగుతున్నారమ్మాయ్, మీ పిల్లని అక్కడెందుకు వెయ్యలేదని. నేనేం చెప్పను?”

“పిల్లల్ని ఏడిపించే బడికి నా కూతుర్ని పంపనన్నానని చెప్పండి.”

“ఇదే మాట ఆ గేటు ముందు నిలబడి అను, చూద్దాం.”

కోడలి మొహం ఎర్రబడింది. భర్త చేతిలోంచి పుస్తకం లాక్కుని బ్యాగులో కుక్కింది. పిడుగు నుదుట ముద్దుపెట్టి, “గుండీలు నోట్లో పెట్టుకోనివ్వకండి,” అని అత్తగారికి చెప్పి, విసురుగా గుమ్మం దాటింది.

తిన్నగా ఆ బడికే నడిచింది. వరండా పక్క గదిలో చిన్న చిన్న తలలు బల్లల మీదికి వంగి ఉన్నాయి. ఒక పాప పిడికిలిని తన పిడికిట్లో బిగించి టీచరు దిద్దిస్తోంది. పాప ముక్కు కారుతోంది, పెన్సిలు మాత్రం ఆగడం లేదు. కోడలు విసవిసా వెళ్ళి ప్రిన్సిపాల్ గది తలుపు తోసింది.

లోపల ఒక తల్లి నిలబడి ఉంది. ఆమె వెనక నక్కి కొడుకు, పిడుగంతే ఉంటాడు.

“వేళ్ళు నొప్పులని రాత్రి నిద్రలో కూడా ఏడుస్తున్నాడండీ,” అని ఆ తల్లి బతిమాలుకుంది. “ఈ ఏడాదికి ఇంట్లోనే ఆడిస్తూ నేర్పించుకుంటాను.”

కోడలు ఆ పిల్లాడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. చూపుడువేలు కందిపోయి ఉంది. ఇంటి దగ్గర అన్న మాటలన్నీ నోటిదాకా వచ్చాయి.

చెయ్యి వదిలేసి, బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి తన ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుని, బ్యాగులోంచి చుక్కల పుస్తకం తీసి వాడి ముందు పెడుతూ, “ఇంట్లో ఆడిస్తూ కూర్చుంటే వెనకబడిపోతాడమ్మా,” అంది.