గేటు బయటి మనిషి

"లోపలికి పంపేది లేదు. చెప్తే సమజైతలేదా?"

హన్నమ్మ గేటుకు అడ్డంగా చెయ్యి పెట్టింది.

ఎదురుగా నిలబడ్డ ముసలామె కదల్లేదు. ఎండలో నడిచి వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"ఒందే మాతు, మగళే. ఒక్క మాట చెప్పి పోత, బిడ్డా," అంది సగం కన్నడంలో, సగం తెలుగులో.

"ఏ ఊరు నీది?"

ముసలామె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"పేరన్న చెప్పు."

ఊరూ చెప్పలేదు, పేరూ చెప్పలేదు.

ఇందిరమ్మ పోయిన మరుసటి యేడు. కందికోతలు అయిపోయిన రోజులు. దేశంలోని ఆడవాళ్ల సంఘాలన్నిటినీ ఒక్కతాటి మీదికి తెచ్చిన ఢిల్లీ సమాఖ్య మనుషులు ఆ పొద్దు నారాయణఖేడ్ వచ్చి, బడిగదిలో కూర్చున్నారు.

రుక్కమ్మ ఎట్లా చచ్చిపోయిందో విచారించడానికి.

నాగల్‌గిద్ద దిక్కున ఓ పల్లెలో కూలికి పోయే మనిషి రుక్కమ్మ. మగవాళ్లకు ఎంత కూలో ఆడవాళ్లకూ అంతే ఇయ్యాలని సంఘం చెప్పిన మాట నమ్మింది. కల్లంలో పటేల్ మహాదేవప్పను అడిగింది. తోటి కూలీలు ఇళ్లకు పోయినా, జవాబు చెప్పేదాకా కదలనని ఆగింది.

పొద్దుగూకేసరికి శవమైంది.

బండి మీంచి జారిపడ్డదన్నాడు మహాదేవప్ప. పోలీసులూ సరేనన్నారు.

ఆ ఊరి నుంచి ఒక్క ఆడమనిషీ విచారణకు రాలేదు. రుక్కమ్మ సొంత చెల్లెలు రామవ్వకే ధైర్యం చాల్లేదు. పటేల్ ఇంట్లో పని పోతే ఆమె పిల్లలకు గంజి కూడా ఉండదు.

హన్నమ్మది ఖేడ్‌లో కూరగాయల బేరం. సంఘంలో అందరికంటే గట్టి గొంతు. అందుకే ఆమెను గేటు దగ్గర పెట్టారు. పోయినసారి మీటింగులో ఎవరో కొత్త మనిషి వచ్చి మూలకు కూర్చుంది. ఆ మాటలన్నీ తెల్లారేసరికి దొరల చెవిన పడ్డాయి. మాట్లాడిన ఆడవాళ్లను పనిలోకి రానివ్వలేదు.

"ముఖం ఎరుకలేని మనిషిని పంపకు," అని చెప్పి మరీ నిలబెట్టారు.

"గా మాటేందో నాకు చెప్పు. నేను పోయి చెప్త," అంది హన్నమ్మ.

ముసలామె రోడ్డవతలికి చూసింది. అక్కడ చాయ్ హోటల్ ముందర పటేల్ జీతగాడు యాదయ్య బీడీ తాగుతున్నాడు. చూసి, గబుక్కున తల తిప్పుకుంది.

"ఇల్లి బేడ. ఈడ వద్దు. లోపట చెప్త."

హన్నమ్మకు ఒళ్లు మండింది. ఇద్దరూ కూడబలుక్కునే వచ్చారనుకుంది.

"యాదిగాడు పంపిండా నిన్ను? పో, పోయి మీ పటేల్‌కు చెప్పు, ఈడ హన్నమ్మ ఉన్నదని!"

ముసలామె మెల్లగా పోయి గోడవారన కూలబడింది.

బడిగదిలోంచి ఢిల్లీ పెద్దావిడ గొంతు వినబడుతోంది. హిందీలో అడుగుతోంది.

"కళ్లారా చూసినవాళ్లు ఒక్కరు చెప్తే చాలమ్మా. మా సంఘాలన్నీ ఆ ఒక్కరి వెనక నిలబడతాయి. హైకోర్టు దాకా పోతాం. ఎవరైనా ఉన్నారా?"



ఆమె మళ్లీ అడిగింది. హన్నమ్మ గేటు దగ్గర్నుంచే కిటికీలోకి చూసింది. ఇంతమంది ఆడవాళ్లు, ఇంత దూరం నుంచి వచ్చిన పెద్దలు. ఒక్క నోరు లేచేటట్టు లేదు.

సాయంత్రం ఢిల్లీవాళ్ల జీపు బయల్దేరింది. ముసలామె లేచి వచ్చి జీపు రేకు పట్టుకుంది. హన్నమ్మ ఆ చెయ్యి విడిపించి పక్కకు జరిపింది.

దుమ్ము అణిగాక ముసలామె అడిగింది.

"మల్ల ఎప్పుడొస్తరు?"

"ఎవరికెరుక!"

ఆమె ఇంకేమీ అనలేదు. బస్టాండు వైపు నడిచిపోయింది.

వారం తిరక్కముందే హన్నమ్మ రుక్కమ్మ ఊరికి బయల్దేరింది. చూసినవాళ్లు ఒక్కరన్నా దొరక్కపోతారా అని ఆశ.

ఊరి మొదట్లోనే శవయాత్ర ఎదురొచ్చింది. లింగం కట్టేవాళ్ల ఆచారం ప్రకారం శవాన్ని పూలపల్లకిలో కూర్చోబెట్టి మోసుకొస్తున్నారు. ముఖానికి విభూతి.

హన్నమ్మ కాళ్లు ఆగిపోయాయి.

ఆ ముసలామే.

వెనకనుంచి రామవ్వ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. పక్కకు లాగి, గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, మా రుక్కక్క బండి మీంచి పడలేదట. పటేలే కట్టెతోని నెత్తి మీద కొట్టిండట. గా దినం కల్లంల కూసొని ఈమె అంతా జూసిందట. పానం పొయ్యేముందు నాకు చెప్పింది."

హన్నమ్మ పల్లకి వైపే చూస్తూ అడిగింది.

"నీకెందుకు చెప్పింది? ఢిల్లీవాళ్లకు చెప్పకపోయెనా?"

"చెప్పతందుకే ఖేడ్ వొయ్యిందట. గేటుకాడ ఎవతో రానియ్యలేదట. దాని చేతులు పడిపోను! యాదిగాడు జూసి చాడీ మోసిండు. గప్పటిసంది ఇంట్ల ఏసి గొల్లెం పెట్టిన్రు. అన్నం ముట్టలే, కొడుకు ఇచ్చిన నీళ్లు ముట్టలే. గట్లనే పోయింది."

హన్నమ్మ తన చేతుల్ని కొంగు కింద దాచుకుంది. ఆ 'ఎవతో' తానేనని చెప్పాలని నోరు తెరిచింది.

పల్లకి వాళ్లను దాటిపోతోంది.

"ఎవరి తల్లి?" అని మాత్రం అడగగలిగింది.

రామవ్వ అటూ ఇటూ చూసి, పల్లకి ముందు తలవంచుకొని నడుస్తున్న మనిషి వైపు గడ్డం ఎత్తి చూపించింది.

అతను మహాదేవప్ప పటేల్.