అర చెంచా అవిసె పొడి

"మా తాత గీ అవిసె పొడి తిని, తనకు పురుడు పోసిన మంత్రసాని చీర రంగు సుత సచ్చేదాక చెప్పేటోడే!"

నా మాటకు మా ఆవిడ సంగమ్మ నవ్వలేదు. ఆమె జొన్నరొట్టె మీద అర చెంచా పొడి చల్లాను.

అవిసె గింజల్లోని కొవ్వు మెదడుకు మంచిదట. మతిమరుపు మనిషికి రోజూ చెంచా నిండా వేయమని నర్సు కృప చెప్పింది. అర చెంచాకు తగ్గించింది నేనే. మా కూతురు రోజ చనిపోయి ఇరవై ఏళ్లు. "బిడ్డ బడికెల్లి రాలేదేంది?" అని సంగమ్మ అడిగినప్పుడల్లా, ఒంటెనెక్కి మనూరు సంతకు పోయిందని ఏదో ఒక కథ చెప్పి నవ్విస్తున్నాను. అన్నీ గుర్తొస్తే మళ్లీ ఏడుస్తుందని నా భయం.

"నిండ ఎయ్యి" అంది.

"గింత చాలదానే?"

"బిడ్డ సచ్చిపోయిందని యాదికొచ్చిందయ్యా. మొకమే యాదికొస్తలేదు. ఫోటో సుత లేకపాయె. నువ్వన్న చెప్పు, ఎట్లుండె?"

"సందమామ దిగొచ్చి..."

"కతలొద్దు. ముక్కెట్లుండె? నిజం చెప్పు."

కళ్లు మూసుకుని చాలాసేపు వెతికాను. నాకూ దొరకలేదు.

ఆమె రొట్టె మీద చెంచా నిండా వేశాను. నా రొట్టె మీదా వేసుకున్నాను.