రెండు తక్కువ

గంగమణి ఇసుక నింపిన ప్లాస్టిక్ సీసాను కింద పడేసింది.

"వయసుల ఉన్నప్పుడు చెరుకు మోపులు మోసిన. ఇప్పుడు నాకు సీసాలెత్తుడు నేర్పుతవా బిడ్డా?"

బోధన్ బస్తీ దవాఖాన వరండాలో, షుగర్ ఉన్న పెద్దవాళ్ళ చేత వారానికి మూడు రోజులు బరువులెత్తించే నర్సు సుష్మ నవ్వింది.

"అప్పటి కండ ఇప్పుడు లేదు గదవ్వా. కండ పనిచేస్తేనే షుగర్ దిగుతది. కాళ్ళల్ల బలమొస్తది."

కాళ్ళ మాట వినగానే గంగమణి మనసు చివుక్కుమంది.

ముప్పై ఏళ్ళు వాడకట్టు ఆడవాళ్ళతో కలిసి నేల మీద కూర్చుని బీడీలు చుట్టిన మనిషి. ఇప్పుడు కూర్చుంటే ఇద్దరు పట్టి లేపాలి. ఆ సిగ్గుకు దూరంగా కుర్చీ వేసుకుని ఒక్కతే చుడుతోంది. వాళ్ళు దేనికి నవ్వుతున్నారో కూడా వినపడదు. షుగర్ కంటే అదే ఆమెకు పెద్ద రోగమైంది.

దవాఖానకు బరువులెత్తడానికి వచ్చి ఇది రెండో రోజే. మూడుసార్లు ఎత్తేసరికి చేతులు వణికాయి. అందరి ముందూ చిన్నతనమైంది.

"ఇగ రాను పో," అంటూ చెప్పుల్లో కాళ్ళు పెట్టింది.

అప్పుడే పక్క కుర్చీలో ఒకామె వచ్చి కూర్చుంది. సన్నటి మనిషి, అరవై దాటి ఉంటుంది. ఈ వాడలో ఎన్నడూ చూసిన ముఖం కాదు. సీసా అందుకుంది. మూడోసారికే దించేసింది.

"నాతోని అయితలేదక్కా."

గంగమణికి నవ్వొచ్చింది. "గింతేనా? ఇటు సూడు."

పళ్ళు బిగబట్టి ఐదుసార్లు ఎత్తింది.

"అబ్బ! గట్టిదానివక్కా నువ్వు."

ఆ తర్వాత గంగమణి ఒక్క రోజు తప్పితే ఒట్టు. కొత్తామె పేరు సౌందర్య, తమ్ముడింట్లో ఉంటుందట. అంతకంటే తెలుసుకునే తీరికేదీ? గెలవడమే సరిపోయింది.

తను ఎనిమిది ఎత్తితే సౌందర్య ఆరు. తను పది అయితే ఆమె ఎనిమిది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడంలోనూ అంతే, ఎప్పుడూ రెండు తక్కువ.

"పొద్దుగాల ఏం తినవా చెల్లె? గాలొస్తే కొట్టుకపోయేటట్టున్నవ్."

"తింటనక్కా. నీ అంత బలం నాకేడికెళ్ళొస్తది? వీపు నిటారుగ పెట్టు. ఊపిరి బిగబట్టకు."

"ఓడిపోయేదానివి, నువ్వు నాకు చెప్తవా?"

అనడమైతే అనేది గానీ, గంగమణి ఆమె చెప్పినట్టే చేసేది.

మూడు నెలలు గడిచాయి. వానలు పడ్డాయి. ఒక వారం సౌందర్య రాలేదు.

"ఓడిపోయి ఓడిపోయి పారిపోయింది," అని గంగమణి అందరికీ చెప్పి నవ్వింది.

రెండో వారమూ రాలేదు. ఈసారి గంగమణికి నవ్వు రాలేదు.

ఆ ఆదివారం గంగమణి బీడీల చాట పట్టుకెళ్ళి ఆడవాళ్ళ నడుమ నేల మీదే కూర్చుంది. అందరూ చేతిలో పని ఆపి చూశారు. సాయంత్రం, ఒక చెయ్యి నేలకానించి, మోకాలి మీద బరువేసి, ఎవరూ పట్టకుండా లేచి నిలబడింది. పక్కింటి భాగ్యలక్ష్మి ఆమెను వాటేసుకుంది. సంతోషంతో గంగమణికి ఏడుపే వచ్చింది.

మర్నాడు కొంగులో జామపండ్లు కట్టుకుని దవాఖానకు వెళ్ళింది.

"సౌందర్య ఇల్లేడ బిడ్డా? నేను లేచిన్నని చెప్పాలె. శాన ఎక్కిరించిన, మనసుల పెట్టుకోవద్దని చెప్పాలె."

సుష్మ తల దించుకుంది.

"డెంగ్యూ జ్వరమొచ్చిందవ్వా. నిజామాబాద్ తీస్కపోయిండ్రు. శుక్రవారం పానం పోయింది."

గంగమణి కొంగులోని పండ్లను పక్క కుర్చీలో పెట్టింది.

"అయ్యో, బలం లేని మనిషి! షుగర్ ఉన్న పానం, తట్టుకోలేకపోయింది."

"ఆమెకు షుగరే లేదవ్వా," సుష్మ గంగమణి చెయ్యి పట్టుకుంది. "ముప్పై ఏండ్లు ఆడపిల్లలకు బరువులెత్తుడు నేర్పిన టీచరు; తమ్మునికి షుగర్ గోలీల కోసం వచ్చి, నువ్వు అలిగి పోతుంటే సూసి, 'నన్ను గెలిస్తే మళ్ళ వస్తది' అని నీ పక్కన కూసున్నది."