టక్కుమనే అలమర

మొహం చూసి, పుట్టిన వీధి ఆరా తీసి, తమంతట తామే తాళం వేసుకునే అలమరలు ఇంటింటికీ వచ్చేశాయి. పైడితల్లి పుట్టింది రేవు వెనక మురికివాడలో. పనికొచ్చి వంటింట్లో అడుగుపెడితే చాలు, అలమర టక్కుమనేది. పదకొండేళ్ళుగా గుక్కెడు మంచినీళ్ళైనా అడక్కుండా ముట్టని మనిషి.

ఒకరోజు ఆ చప్పుడు రాలేదు.

"అమ్మగోరూ, అలమరకి తాళం పడనేదు," అని తనే కేకేసింది.

ఇంటావిడ శకుంతల పరుగున వచ్చి, డబ్బాలన్నీ తడిమి, "ఏం తీశావే?" అంది.

వారం తిరక్కుండా మళ్ళీ తాళం పడలేదు. ఈసారి పైడితల్లి ఎవర్నీ పిలవలేదు. ఒంట్లో షుగరున్నా, పిడికెడు బెల్లం నోట్లో కుక్కుకుంది.

మర్నాడు అలమర టక్కుమంది. ఇన్నేళ్ళూ ములుకులా గుచ్చుకున్న చప్పుడు, ఆ రోజు ఆవిడకి న్యాయంగానే వినిపించింది.