తేడా తెలిస్తేనే కార్డు

"ఇంక ఆగను భాయ్. గ్రాఫిక్స్ కార్డు ఈరోజు మార్చీవలిసిందే," అన్నాడు లోహిత్.

ఖయ్యూమ్ మామూలుగానే రెండు కంప్యూటర్లు పక్కపక్కన పెట్టి, ఒకదానికి పాత కార్డు, రెండోదానికి కొత్తది తగిలించి, రెండింట్లోనూ ఒకే గేమ్ నడిపించాడు. తేడా చెప్పలేనివాళ్లకి కార్డు అమ్మడని అనకాపల్లిలో అతని షాపుకి పేరు.

లోహిత్ ముక్కు తగిలేంత దగ్గరగా వంగి రెండు తెరలూ చాలాసేపు చూశాడు.

"కొత్తదేదో సెప్పు తమ్ముడూ."

"రెండూ ఒకేలాగున్నాయి భాయ్."

ఖయ్యూమ్ నవ్వుతూ కొత్త కార్డు ఊడదీసి డబ్బాలో పెట్టేశాడు. "మరెందుకు నీకు దండగ? ఇంకో ఏడాది ఆగు, దీనికంటే మంచిదొత్తాది. పోయినేడూ ఆగమనే సెప్పేను కదా."

లోహిత్ లేచి, బల్ల అంచు తడుముకుంటూ తలుపు వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"కంటి డాక్టరు ఇంక లాభం లేదనీసేడు భాయ్," అన్నాడు. "పోయినేడు కొత్తదేదో సూడగానే సెప్పీసేను. రేటు తగ్గుతాది, ఆగమన్నావు."

ఖయ్యూమ్ చేతిలో డబ్బా మూత ఇంకా పడలేదు.